గుర్రం లేపుతుంది, నువ్వు లేవకు

ప్రశ్న: అక్కా, నాకు 34 ఏళ్ళు. మాది అనంతపురం, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాం, వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. తొమ్మిదేళ్ళ మా అబ్బాయిని గుర్రపు స్వారీ క్లాసులో చేర్చడానికి వెళ్ళి నేనూ చేరిపోయాను. ఇరవై క్లాసుల ప్యాకేజీ, ఎనిమిది అయ్యాయి. మామూలు నడకలో బాగానే ఉంటాను. ట్రాట్ (నడక కంటే జోరుగా, ఎగరేస్తూ పోయే చాల్) అనగానే బస్తాలా ఎగిరెగిరి పడుతున్నాను. సర్ "అప్ డౌన్, అప్ డౌన్" అని అరుస్తారు, నేను అప్ అయ్యేసరికి గుర్రం డౌన్‌లో ఉంటుంది. నాలుగడుగులు వేసి అది నడకలోకి దిగిపోతుంది, సర్ అదిలిస్తారు, మళ్ళీ అదే కథ. మావాడు మూడో క్లాసుకే నేర్చేసుకున్నాడు. వీడియోల్లో పెద్ద రైడర్లు ట్రాట్‌లో లేవకుండా హాయిగా కూర్చునే ఉంటారు, మరి నన్నెందుకు లేవమంటున్నారు? నా బరువు 72 కిలోలు, గుర్రానికి భారమా? నడుం కూడా నొప్పిగా ఉంటోంది. మానేసి మిగతా డబ్బు వెనక్కి అడగనా?

జవాబు: మానకు. ముందు ఆ మాట చెప్పేశాను, ఇక మిగతావి. అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు.

నేను చేరినప్పుడు నాకు 38. ఎనిమిది కాదు, పదమూడో క్లాసు దాకా నేనూ బస్తానే. నేను మొదట వెళ్ళిన చోట నేర్పే ఆయనకి కూడా ఇదే మంత్రం, అప్ డౌన్. ఎందుకు లేవాలి, ఎప్పుడు లేవాలి, దేని మీద బరువు వేసి లేవాలి, అవేవీ చెప్పేవాడు కాదు. ఫోనొస్తే మాట్లాడుకుంటూనే, నా వైపు చూడకుండానే, మధ్యమధ్యలో అప్ డౌన్ అని ఒక కేక వేసేవాడు. నేనేమో ఆయన గొంతు విని లేచేదాన్ని. ఆయన కేక ఆయనది, గుర్రం అడుగు గుర్రానిది, రెండింటికీ పొంతన లేదు, మధ్యలో నలిగింది నా నడుం.

ఒకరోజు ఆయన రాలేదు. అక్కడ గుర్రాల్ని చూసుకునే ముసలి సైసు ఒకాయన ఉండేవాడు, హిందూపురం వైపు మనిషి. నా గుర్రం పక్కనే పరుగెత్తుతూ, రొప్పుతూ, ఒకటే మాటన్నాడు. "నువ్వు లెయ్యాకమ్మా. అదే లేపుతాది. అది లేపినప్పుడు నువ్వు అడ్డం పడాకు, అంతే." ఆ రోజు నాకు ఆరడుగులు దొరికాయి, వరసగా. దిగాక కాళ్ళు వణుకుతుంటే అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాను.

ఆయన చెప్పిందే కొంచెం విడమరిచి చెప్తాను. నడకలో గుర్రం కాళ్ళు ఒక్కొక్కటిగా పడతాయి, నాలుగు దెబ్బలు, అందుకే ఊయలలా ఉంటుంది. ట్రాట్‌లో రెండే దెబ్బలు. ముందు కుడికాలూ వెనక ఎడమకాలూ కలిసి పడతాయి, తర్వాత ముందు ఎడమా వెనక కుడీ. ఒక జత నేల విడిచాక రెండో జత ఆనే లోపు రెప్పపాటు కాలం నాలుగు కాళ్ళూ గాల్లోనే ఉంటాయి. నిన్ను ఎగరేస్తున్నది అదే. ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వెయ్యడం చిన్నప్పుడు చూసే ఉంటావు కదా, ఒకరిది పైకి పోతుంటే ఇంకొకరిది కిందికి వస్తుంది, ఎవరూ పక్కన నిలబడి అప్ డౌన్ అని చెప్పరు, చెవికీ చేతికీ అదే తెలిసిపోతుంది. ట్రాట్ వరస కూడా అచ్చం అంతే. ఒక దెబ్బకి గుర్రం నిన్ను ఎగరేస్తుంది, నువ్వు దాంతో పాటు పోతావు, రెండో దెబ్బకి దిగుతావు. నిమిషానికి డెబ్భై ఎనభై సార్లు లేచి కూర్చోవడం అన్నమాట, నీ సొంత బలంతో అన్నిసార్లు లేవాలంటే పహిల్వాను వల్ల కూడా కాదు. (ఇలా లేచి కూర్చుంటూ వెళ్ళడాన్ని రైజింగ్ ట్రాట్ అంటారు, పోస్టింగ్ అని కూడా అంటారు. పాతకాలంలో యూరప్‌లో టపా బండ్లు లాగే గుర్రాల్లో ఒకదాని మీద ఎక్కి నడిపేవాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయమట, రోజంతా ట్రాట్‌లో వెళ్ళాలి కదా మరి, నడుం కాపాడుకోవాలి.)

ఇప్పుడు నీ సంగతి. "నాలుగడుగులు వేసి నడకలోకి దిగిపోతుంది" అని మధ్యలో ఒక వాక్యం రాసి వదిలేశావు చూడు, నీ ఇబ్బంది అంతా ఆ వాక్యంలోనే ఉంది. అదెందుకు దిగిపోతోంది? కొంత బద్ధకం ఉండొచ్చు, స్కూలు గుర్రాలు నీలాంటివాళ్ళనీ నాలాంటివాళ్ళనీ వందమందిని చూసి ఉంటాయి, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. కానీ నీ విషయంలో అసలు కారణం అది కాదనుకుంటాను. పడిపోతానేమోనని పగ్గాలు పట్టుకుని వేలాడుతున్నావు. ఆ పగ్గాలు దాని నోట్లో ఉన్న కళ్ళెం ముక్కకి కట్టి ఉంటాయి, ఆ ముక్క పళ్ళు లేని చోట, నేరుగా చిగురు మీద ఆని ఉంటుంది. నువ్వు ఎగిరి పడిన ప్రతిసారీ దాని నోటికి ఒక గుంజు తగులుతుంది, దాని భాషలో అది "ఆగు" అని అర్థం. అదే సమయంలో మోకాళ్ళతో గట్టిగా బిగించి పట్టుకున్నావు కాబట్టి మడమలు పైకి లేచి డొక్కలో తగులుతుంటాయి, అది "పో" అని అర్థం. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో కొత్త డ్రైవరు బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కినట్టు. పాపం అదేం చేస్తుంది, కాళ్ళీడుస్తూ కాసేపు పోయి ఆగుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. కాళ్ళీడ్చే ట్రాట్‌లో లేవడం చాలా కష్టం. గుర్రం ఎగరేయదు కదా, అందుకని నువ్వే కాలి వేళ్ళ మీద నిక్కి లేవాలి, నిక్కితే మడమ పైకి పోతుంది, మడమ పోతే మోకాలు బిగుస్తుంది, మోకాలు బిగిస్తే అదే ఇరుసై నువ్వు ఒక క్షణం ఆలస్యంగా పైకి పోయి ఒక క్షణం ఆలస్యంగా దిగుతావు, సరిగ్గా అప్పుడే జీను పైకి వస్తూ ఎదురు తగులుతుంది. నడుం నొప్పి అక్కడి నుంచే. అంటే భయపడి మెల్లగా పోనిస్తున్నావు, మెల్లగా పోవడం వల్లే కష్టమవుతోంది, కష్టమవుతోందని ఇంకా భయపడుతున్నావు. కాస్త జోరుగా పోతేనే సుళువు. ఇది నేను చెప్తే నమ్మవు, గుర్రం మీద ఒకసారి జరిగితే నమ్ముతావు.

కానీ జోరుగా పోనిమ్మంటే నీకు టెన్షన్ కదా. అందుకని ముందు పగ్గాలు నీ చేతిలోంచి తీసేయాలి. మీ సర్‌ని అడుగు, పొడవాటి తాడు కట్టి తను మధ్యలో నిలబడి గుర్రాన్ని గుండ్రంగా తిప్పమని. ప్రతి స్కూల్లోనూ చేస్తారు, దానికో ఇంగ్లీషు పేరుంది కానీ ఆ పేరు తెలుగువాళ్ళ ఇంట్లో గట్టిగా పలికితే గొడవలైపోతాయి, అత్తగారి ముందు అసలే అనకు, "తాడు క్లాసు" అను చాలు. అప్పుడు వేగం, దిశ, ఆగడం అన్నీ ఆయన చూసుకుంటాడు, నీకు అడుగు వినడం తప్ప వేరే పని ఉండదు. చేతులతో మెడకి కట్టిన పట్టీ పట్టుకో, పట్టీ లేకపోతే జూలు గుప్పిట నిండా పట్టుకో. జూలు పట్టుకుంటే దానికి నొప్పేస్తుందేమో అనుకోకు, నోరు గుంజడంతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

ఎక్కే ముందే రికాబుల (పాదాలు పెట్టుకునే ఇనుప వలయాల) పొడవు చూసుకో. నువ్వు ఇది అడగలేదు కానీ పదిమందిలో ఎనిమిదిమందికి ఇక్కడే దెబ్బ కొడుతుంది, ముందు క్లాసులో ఎవరో ఆరడుగుల మనిషి ఎక్కి దిగి ఉంటాడు, అదే పొడవుతో నిన్నూ ఎక్కించేస్తారు. నేల మీద నిలబడి వేలికొసలు రికాబు తోలుపట్టీ జీనుకి తగిలించిన చోట ఆనించి చెయ్యి చాపితే ఇనుప రికాబు నీ చంకలోకి రావాలి. అది మొదటి కొలత, ఎక్కాక ఒక రంధ్రం అటూ ఇటూ సర్దుకోవచ్చు. రికాబు మరీ పొడుగైతే కాలికి ఆనదు, ఆనకపోతే దేని మీద లేస్తావు? పాదంలో వెడల్పుగా ఉండే ముందు భాగం రికాబు మీద, మడమ కొంచెం కిందికి.

తర్వాత గుర్రం ఆగి ఉన్నప్పుడే పదిసార్లు లేచి కూర్చో. నడకలో ఇంకో పదిసార్లు. తర్వాతే ట్రాట్. లేవడం అంటే నిటారుగా పైకి కాదు, బొడ్డు గుర్రం చెవుల వైపు పోవాలి, ముందుకీ కొంచెం పైకీ. జీనుకీ నీకూ మధ్య బెత్తెడు సందు వస్తే ఎక్కువ. మావాళ్ళు చాలామంది లిఫ్టు ఎక్కినట్టు పైకి పోయి ఢమాలున పడతారు. దిగేటప్పుడు వంటింట్లో ముక్కాలిపీట మీద, వెనక్కి చూడకుండా, పీట అక్కడే ఉందో లేదో అనుమానంతో కూర్చుంటాం చూడు, అలా దిగాలి. ఆ అనుమానమే నిన్ను మెత్తగా దించుతుంది.

ట్రాట్ మొదలవగానే లేవాలని తొందరపడకు. మొదటి నాలుగైదు అడుగులు జూలు పట్టుకుని ఎగరేయనీ. ఊరికే విను. గాలి బిగబట్టకు, ఇదే అన్నిటికంటే పెద్ద రోగం, బిగబట్టిన మనిషి కొయ్యబొమ్మలా ఎగురుతుంది. నోటితో లెక్కపెట్టు, "తక, తక" అన్నా సరే, "ఒకటి రెండు" అన్నా సరే, గట్టిగానే అను. నేనైతే బడిలో చెప్పించిన రెండో ఎక్కం చదివేదాన్ని, పక్క గుర్రం మీదున్న కన్నడ అమ్మాయి నాకు మతి పోయిందనుకుంది. నోరు కదులుతుంటే ఊపిరి ఆగదు, అదీ దాని లాభం. ఏదో ఒక దెబ్బకి తుంటి దానంతటది ముందుకి తోసుకుపోతుంది, అదే నీ అప్. పోనీ. తప్పితే ఇంకో దెబ్బ కూర్చుని మళ్ళీ అందుకో. చూపు గుర్రం మెడ మీద కాదు, దూరంగా చెట్టు మీదో గేటు మీదో పెట్టు, తల వంచితే భుజాలు వంగుతాయి, ఆ బరువంతా దాని ముందుకాళ్ళ మీద పడుతుంది.

ఇంకొకటి చెయ్యమను, చాలా ఉపయోగం. బెంగళూరు రోడ్ల మీద బైకు నడిపేవాళ్ళు పెద్ద గుంత రాగానే ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి సీటు నుంచి కొంచెం లేస్తారు కదా, గుంతని మోకాళ్ళూ చీలమండలూ మింగేస్తాయి. గుర్రం మీద కూడా అలా జీనుకి తగలకుండా, జూలు పట్టుకుని, కూర్చోకుండా రెండు చుట్లు ట్రాట్ చెయ్యి. లేవడం కూర్చోవడం ఏదీ వద్దు, ఆ అర నిలుపులోనే ఉండు. చీలమండలో స్ప్రింగు ఎక్కడుందో నీకే తెలుస్తుంది. మన రోడ్లు ఇందుకైనా పనికొచ్చాయి.

ఇంట్లో అయితే చాప మీద మోకాళ్ళు ఎడంగా పెట్టి మోకరిల్లి, మడమల మీద పూర్తిగా కూర్చోకుండా సగం దిగి తుంటిని ముందుకి తోస్తూ లే, అలా ఇరవై సార్లు. రైజింగ్ ట్రాట్‌లో ఒంటి కదలిక అదే. మెట్టు అంచున పాదం ముందు భాగం ఆనించి మడమలు కిందికి వేలాడదీసి అరనిమిషం నిలబడు, పిక్కలు సాగకపోతే సర్ ఎన్నిసార్లు హీల్స్ డౌన్ అని అరిచినా మడమ దిగదు.

వీడియోల మాట. వాళ్ళు కూర్చునేది సిట్టింగ్ ట్రాట్, అది ఏళ్ళ తరబడి సాధన, చూడ్డానికి ఏమీ చెయ్యనట్టు ఉంటుంది కానీ కడుపూ నడుమూ క్షణం ఖాళీగా ఉండవు. 2023లో హాంగ్‌జౌ ఏషియాడ్‌లో మన డ్రెస్సేజ్ (గుర్రం చేత పద్ధతిగా అడుగులు వేయించే పోటీ) జట్టు బంగారం తెచ్చింది, 1982 ఢిల్లీ తర్వాత గుర్రపు స్వారీలో మనకి మళ్ళీ బంగారం అప్పుడే, ఆ వీడియోలే చూసి ఉంటావు. అదే మన బెంగళూరు రైడర్ ఫవాద్ మీర్జాని చూడు, 2018 జకార్తాలో ఈవెంటింగ్‌లో తనకొకటి, జట్టుకొకటి వెండి పతకాలు వచ్చాయి. ఈవెంటింగ్ అంటే డ్రెస్సేజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ మూడూ కలిపిన పోటీ, అందులో డ్రెస్సేజ్ భాగంలో జీనుకి అంటుకుని కూర్చోవాలి, బయట మైదానంలో అడ్డంకులు దూకుతూ పోయే క్రాస్ కంట్రీలో రికాబుల మీద నిలబడి పోవాలి, ఒకే మనిషి, ఒకే గుర్రం. కూర్చోవడం రాని దశలో నువ్వు కూర్చుంటే ప్రతి అడుగుకీ దాని వీపు మీద 72 కిలోలు దబ్బున పడతాయి. అందుకే లేవమంటున్నారు, నీకోసం కొంత, దానికోసం ఎక్కువ.

బరువు గురించి బెంగ వద్దు. జీనుతో కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదు అనేది చాలామంది పాటించే లెక్క. స్కూళ్ళలో ఎక్కువగా ఉండేవి రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్‌లు, 450, 500 కిలోలు ఉంటాయి. 450 అనుకున్నా 90 దాకా పర్వాలేదు, నువ్వూ జీనూ కలిసి 80. సరిపోయింది. అన్నట్టు థరోబ్రెడ్‌కి అంగ పెద్దది, అందుకే ఎగరేయడమూ ఎక్కువే, అది నీ తప్పు కాదు. ఎప్పుడైనా రాజస్థాన్ వెళ్ళి చెవికొనలు కలిసే మార్వాడీ గుర్రం ఎక్కితే, కొన్నిటికి రెవాల్ అని ఒక నడక ఉంటుంది, కుదుపే ఉండదు, అప్పుడు నాకు ట్రాట్ వచ్చేసిందని మురిసిపోకు.

మీ అబ్బాయితో పోలిక మానెయ్. తొమ్మిదేళ్ళవాడికి పడితే ఏమవుతుందో తెలియదు, నీకు ఆఫీసు, ఈఎంఐ, ఇంట్లో పొయ్యి అన్నీ తెలుసు, అందుకే ఒళ్ళు బిగుస్తుంది.

నడుం నొప్పి మాత్రం తేలిగ్గా తీసుకోకు. తొడల లోపలివైపు రెండు రోజులు పీకడం మామూలే, ఆ రెండు రోజులూ ఇండియన్ టాయిలెట్ ఉన్న చోటికి వెళ్ళకు. కానీ నడుంలోంచి కాల్లోకి జర్రున లాగుతున్నా, తిమ్మిరెక్కుతున్నా క్లాసు ఆపి ముందు డాక్టరుకి చూపించు, తర్వాతే గుర్రం.

బట్టల సంగతి, క్లాసులో మగ సర్లు చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా తప్పనిసరి, సగం మంది ఆడవాళ్ళు ట్రాట్‌లో భుజాలు ముడుచుకునేది భయంతో కాదు, దీంతోనే. జీన్స్ వద్దు, లోపలి కుట్లు ఒరుసుకుని తోలు ఊడుతుంది, మందపాటి లెగ్గింగ్స్ నయం. చిన్న మడమ ఉన్న బూట్లు కావాలి, స్పోర్ట్స్ షూస్‌తో పాదం రికాబులోంచి అవతలికి జారిపోతే పడ్డప్పుడు కాలు అందులోనే ఇరుక్కుంటుంది, నేను దేనికీ ఇంతగా భయపడను. హెల్మెట్ గుర్రపు స్వారీదే కావాలి, స్కూటీది కాదు. డెకాత్లాన్‌లో అన్నీ దొరుకుతాయి.

డయాగొనల్ అని ఎవరైనా మొదలుపెడితే ఇప్పుడు వినకు. ఎడమవైపు తిరుగుతుంటే దాని కుడి భుజం ముందుకి పోయినప్పుడు లేవాలి, కుడివైపైతే ఎడమ భుజం, తప్పితే ఒక దెబ్బ ఎక్కువ కూర్చుని మార్చుకోవాలి, అంతే విషయం. మలుపులో లోపలి వెనకకాలు మీద పని ఎక్కువ పడుతుంది, అది ముందుకి వచ్చేటప్పుడు నువ్వు జీను మీద లేకపోతే దానికి తేలిక. వరసగా రెండు చుట్లు లేచి కూర్చోగలిగాక చూసుకోవచ్చు.

డబ్బు వెనక్కి అడగకు, ఎలాగూ ఇవ్వరు. దాని బదులు మిగిలిన పన్నెండులో నాలుగు తాడు క్లాసులు ఇమ్మని అడుగు, గుంపులో కాకుండా విడిగా, అరగంట చాలు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కాకుండా మామూలు రోజు ఆరున్నరకి వెళ్ళగలిగితే రింగులో రద్దీ ఉండదు, సర్‌కీ ఓపిక ఉంటుంది. డిసెంబరు, జనవరి చలి పొద్దుల్లో మాత్రం గుర్రాలు హుషారుగా గంతులేస్తాయి, ఎక్కే ముందు వేరే ఎవరితోనైనా కాసేపు తిప్పించమను. మీ ఆయన్నో మీ అబ్బాయినో పక్క నుంచి, ఎదురుగా కాదు, వీడియో తియ్యమను, చెవి, భుజం, తుంటి, మడమ ఒక గీతలో ఉన్నాయో లేదో రాత్రి చూసుకో. అప్ డౌన్ అని ఆయన అరిస్తే అరవనీ, నువ్వు గుర్రం అడుగులే విను.

వరసగా పది అడుగులు దొరికిన రోజు రాయి. పదకొండోది తప్పినా పర్వాలేదు.